ఏషియా అనే రాయి, వనపర్తి మబ్బు

(వనపర్తిలో పిల్లలకూ పెద్దలకూ కలిపి పెట్టిన ఒక సాయంత్రపు సభలో, పాలమూరు పల్లెబడుల్లో చాలా ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైన ఒక సార్ మాట్లాడింది ఇది. రానివాళ్లు అడిగారని ఫోన్ రికార్డింగ్ విని టైప్ చేశాను. తడబాట్లు తీసేశాను, మిగతాదంతా ఆయన మాటే.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినిపిస్తుందా? ఆ, చెయ్యి ఊపారు కాబట్టి వినిపిస్తుందనే అనుకుంటా. మైకు మధ్యమధ్యలో కీచుమంటే ఏమనుకోకండి, దాని అలవాటది. ముందు వరుసల్లో పిల్లలున్నారు, వెనక పెద్దలున్నారు. నేను పిల్లలకే చెప్తా. పెద్దలు వింటే వినండి, మీ ఇష్టం.

ముందు ఒకటి అడుగుతా. గ్రహశకలం అనే మాట ఈ మధ్య పేపర్లో, ఫోన్లో ఎన్నిసార్లు చదివారు? "భూమి వైపు దూసుకొస్తున్న గ్రహశకలం, విమానమంత సైజు" అని పెద్దక్షరాలు, కింద ఎర్రగా మండిపోతున్న బొమ్మ. నెలకోసారి వస్తుంది ఆ వార్త. ఇంట్లో ముసలివాళ్లకు టెన్షన్. అదేమో చంద్రుడికన్నా ఎంతో అవతల నుంచి తన దారిన తాను పోతుంది, మనం తెల్లారి లేచి చాయ్ తాగుతాం. నేను ఇవ్వాళ చెప్పేది అలాంటి దాని గురించి కాదు. ఎవరి మీదికీ రాని, ఏ పేపర్లోనూ పడని, నూట అరవై ఏళ్లకు పైగా మనిషి లెక్క ప్రకారం నమ్మకంగా తిరుగుతున్న ఒక రాయి గురించి చెప్తా. దాని పేరు ఏషియా. మన ఆసియా ఖండమే, ఆ పేరే. ముందు ఒక నంబరు పెట్టి 67 ఏషియా అని రాస్తారు.

దానికీ వనపర్తికీ ఏం సంబంధం సార్ అంటారా? ఉంది. కొంచెం సుట్టరికం ఉంది. చివర్లో చెప్తా, అప్పటిదాకా ఎవరూ లేవొద్దు.

ఈ గ్రహశకలం అనే మాట మీద నాకు కొంచెం కోపం ఉంది. శకలం అంటే ఏంది? ముక్క. అంటే వినగానే మనకేమనిపిస్తుంది, అక్కడ ఒక గ్రహం ఉండేది, పగిలింది, ఇవి దాని ముక్కలు అనిపిస్తుంది. మనవాళ్ల తప్పు కాదులెండి. రెండు వందల ఏళ్ల కింద ఓల్బర్స్ అనే జర్మన్ డాక్టరుగారు, పగలు రోగుల్ని చూసి రాత్రి చుక్కల్ని చూసే మనిషి, ఆయన కూడా అట్లనే అనుకున్నాడు. కానీ ఇప్పుడు తెలిసింది వేరు. అంగారకుడికీ గురుడికీ మధ్య ఉన్న రాళ్లన్నీ, ఉన్నవన్నీ ఊడ్చి ఒక్క ముద్ద చేసినా, మన చంద్రుడి బరువులో నూటికి మూడు నాలుగు వంతులకు మించదు. ఇంక గ్రహం ఎక్కడిది పగలడానికి? అసలు అక్కడ గ్రహం కట్టనే కట్టలేదు. పక్కన గురుడున్నాడు గదా, ఆయన లాగుడుకు ఆ రాళ్లు ఒకదానితో ఒకటి నిదానంగా అతుక్కునే వీలే లేకపోయింది. ముద్ద కలుపుతుంటే పక్కనుంచి ఎవడో చెయ్యి పట్టి గుంజినట్టు. ఆ తర్వాత వాటిలో వాటికి గుద్దుకొని పగిలినవి చాలా ఉన్నాయి, అది నిజమే. కానీ గ్రహం పగిలి అవి పుట్టలేదు. ఆ మాట అలవాటైపోయింది, నేనూ అదే వాడతా, ఏం చేస్తాం.

ఇప్పుడు ఇద్దరు పిల్లలు లేచి రండి. ఒక ఆడపిల్ల, ఒక మగపిల్లవాడు. రా బిడ్డా. తమ్మీ, నువ్వు ఈ చివర పట్టుకో. ఇది ఏంది? పగ్గం. మా దూడది. పొద్దున దానికి వేరే తాడు కట్టి ఇది విప్పుకొచ్చిన. దీని మీద నేను ముళ్లు వేశాను, మూర లెక్కన. పూలమ్మే అవ్వ మోచేయి నుంచి వేళ్ల దాకా కొలుస్తుంది చూడండి, ఆ మూర.

తమ్మి పిడికిలి దగ్గర సూర్యుడు. సూర్యుడి నుంచి భూమికి ఎంత? 15 కోట్ల కిలోమీటర్లు. దాన్ని ఒక మూర అనుకున్నా. ఇదిగో మొదటి ముడి, ఇక్కడ మనం. ఈ లెక్కన సూర్యుడు మిరియపు గింజంత. మనమా? మనం కంటికి ఆనం. మూర్నర దగ్గర ఇంకో ముడి, అంగారకుడు. ఇక బిడ్డా, నువ్వు ఆ చివర పట్టుకొని అట్ల పో, పో, ఇంకా పో. ఐదు మూరల మీద కొంచెం, అక్కడ గురుడు. చూడండి, అంగారకుడికీ గురుడికీ నడుమ ఎంత జాగా ఖాళీ ఉందో. ఎవరికైనా అనుమానం వస్తుందా రాదా? ఇన్ని ఇళ్లు వరసగా కట్టి నడుమ ఒక్క ప్లాటు వదిలేస్తే వీధిలో వాళ్లు అడగరా?

అడిగారు. పద్దెనిమిదో శతాబ్దంలోనే అడిగారు. రెండు మూరల ముప్పావు దగ్గర ఏదో ఉండాలని వెతకడం మొదలుపెట్టారు. 1801 జనవరి 1న, కొత్త శతాబ్దం మొదటి రాత్రి, ఇటలీ పలెర్మోలో పియాజ్జి అనే పాదిరీకి సెరెస్, ఈ రాళ్లలో మొదటిది, దొరికింది. దొరికి కొన్నాళ్లకే సూర్యుడి వెలుగులోకి పోయి కనబడకుండా అయింది. గౌస్ అని ఇరవై నాలుగేళ్ల కుర్రవాడు కాగితం మీద లెక్క చేసి అది ఫలానా చోట ఉంటుందన్నాడు, ఆ ఏడాది చివరికి అక్కడే దొరికింది. సెరెస్ కథ పెద్దది, ఇంకోసారి చెప్పుకుందాం. ఇప్పుడు మనకు కావలసింది ఏషియా.

ఏషియా ఈ ముడి. రెండు మూరల మీద ఇంకో పావు దాటి, 2.42. అది సగటు. దాని దారి సరిగ్గా గుండ్రం కాదు, కోడిగుడ్డంత సాగినది కూడా కాదు, కొంచెం ఒక పక్కకు జరిగిన గుండ్రం. అందుకని సూర్యుడికి దగ్గరగా వచ్చినప్పుడు రెండు మూరల లోపల, ఇదిగో ఈ ముడి దగ్గరుంటుంది, 1.97. దూరం పోయినప్పుడు మూడు మూరలకు తక్కువగా, 2.87. కిలోమీటర్లలో చెప్తే 29 కోట్ల చిల్లర నుంచి 43 కోట్ల దాకా. అయితే సినిమాల్లో చూపిస్తారే, రాళ్ల మధ్య నుంచి విమానం వంకరటింకరగా తప్పించుకుంటూ పోతుందని, అదంతా ఉత్తదే. అక్కడ రాయికీ రాయికీ మధ్య లక్షల కిలోమీటర్ల ఖాళీ. ఇప్పటిదాకా పదమూడు లక్షలకు పైగా లెక్కకెక్కాయి, అయినా అంత ఖాళీ. మీరు అక్కడ నిలబడితే పక్క రాయి కంటికి కనబడదు.

కూర్చోండి బిడ్డా, తాడు అక్కడే పెట్టండి, మళ్లీ పని ఉంది.

ఇప్పుడు అసలు కథ. 1861. మద్రాసు. నుంగంబాకంలో ఈస్టిండియా కంపెనీవాళ్లు 1792లో కట్టించిన అబ్జర్వేటరీ ఉంది. అప్పట్లో వాళ్లకు నక్షత్రాల మీద ప్రేమేమీ కాదు, ఓడలు నడపాలి, భూములు కొలవాలి, దానికి సమయమూ దిక్కూ కావాలి. అక్కడ పదిటన్నుల నల్లరాతి స్తంభం ఒకటి నిలబెట్టారు, దాని మీద తెలుగులో కూడా చెక్కించారు. ఇప్పటికీ ఉంది. చెన్నై పోతే చూడండి, మనం సినిమా స్టార్ల ఇళ్లు చూసి వస్తాం గానీ దాన్ని చూడం.

ఆ అబ్జర్వేటరీకి కొత్తగా ఒక దొర వచ్చాడు, నార్మన్ పాగ్సన్. ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్ మనిషి. వచ్చేనాటికే ఆయన ఖాతాలో మూడు గ్రహశకలాలున్నాయి, ఆక్స్‌ఫర్డ్‌లో పట్టినవి. ఇంకొకటి ఉంది, పరీక్షల్లో వస్తుంది, రాసుకోండి. చుక్కల వెలుగును మొదటి తరగతి, రెండో తరగతి అని ఆరు తరగతులు చేయడం గ్రీకుల నాటి నుంచి ఉంది. కానీ ఒక తరగతికీ ఇంకోదానికీ తేడా ఎంత? ఎవరి కన్ను వాళ్లది. 1856లో పాగ్సన్ ఒక గీత గీశాడు: ఐదు మెట్లు దిగితే వెలుగు సరిగ్గా నూరో వంతు కావాలి. అంటే మెట్టుకు 2.512 రెట్లు. ఈ రోజుకీ ప్రపంచమంతా అదే కొలత. అంత మనిషి మన దక్షిణాదికి వచ్చి ముప్పై ఏళ్లు ఉండి, 1891లో అక్కడే చనిపోయాడు.

ఆయన వచ్చిన కొన్ని వారాలకే, 1861 ఏప్రిల్ 17న, ఒక చుక్క ఎక్కువ కనిపించింది. ఎక్కువ కనిపించింది అంటున్నా, గమనించండి. కొత్తది కనిపించింది అనలేదు. ఎందుకంటే టెలిస్కోప్‌లో గ్రహశకలం ఎట్లుంటుందో తెలుసా? చుక్కలాగే ఉంటుంది. తోక ఉండదు, రంగుండదు, గుంతలూ గడ్డలూ ఏమీ కనబడవు. పక్కన ఉన్న వెయ్యి చుక్కల్లో అదొక చుక్క. ఇంక దాన్ని ఎట్ల పట్టాలి?

మీకు మా తాత సంగతి చెప్తా, అప్పుడు అర్థమవుతుంది. మాది పల్లీ చేను. అడవిపందుల బాధ. రాత్రి మంచె మీద కాపలా పడుకునేవాడు, సెలవుల్లో నేనూ ఆయన పక్కన. పిల్లలకోడి ఎక్కడుంది, గొల్లకావడి ఎప్పుడు వాలుతుంది, వేగుచుక్క ఎప్పుడు పొడుస్తుంది, గడియారం లేకుండా టైమ్ చెప్పేవాడు. ఒక రాత్రి, నాకు పదేళ్లుంటాయేమో, లేపి చెవిలో అన్నాడు: "అగో, ఆ తుమ్మకు ఇవతల నల్లది, అది పొద్దుగూకేటప్పుడు లేదు రా." నాకేమీ తేడా తెలియలేదు. చేను నిండా నల్లవే. పొదలు నల్లగా, రాళ్లు నల్లగా, గట్టు నల్లగా. తాత డబ్బా తీసి గట్టిగా కొట్టాడు. ఆ నల్లది లేచి ఉరికింది! దాని వెనక ఇంకో రెండు. చెప్పండి, తాతకు నాకంటే కళ్లు బాగున్నాయా? ఆయనకు అప్పటికే ఒక కంట్లో పొర. ఆయనకు తెలిసిందల్లా ఏమిటంటే, ఆ చేన్లో ఉన్న ప్రతి పొద, ప్రతి రాయి చీకట్లో ఏ ఆకారంలో ఉంటుందో. పాతవన్నీ కంఠతా వస్తేనే ఎక్కువైంది తెలుస్తుంది.

పాగ్సన్ చేసింది అదే. అప్పటికి ఈ పనికి ఫోటోలు లేవు. కన్ను టెలిస్కోప్ దగ్గర, చుక్కల పటం చేతి దగ్గర. ఆకాశంలో ఒక చిన్న తునక తీసుకొని, పటంలో ఉన్న చుక్కలు, పైన ఉన్న చుక్కలు, ఒక్కొక్కటే టిక్కు పెట్టుకుంటూ పోవాలి. ఒకటి ఎక్కువ ఉందా? పటం గీసినవాడు మరిచిపోయాడేమో. లేదా వెలుగు తగ్గుతూ పెరుగుతూ ఉండే చుక్కేమో, అలాంటివీ ఉన్నాయి. అందుకని దాని చోటు కొలిచి రాసుకొని, మరునాడు రాత్రి మళ్లీ చూడాలి. జరిగిందా? జరిగితే మనదే. మనకు దగ్గరగా ఉన్నప్పుడు గ్రహశకలం ఒక రోజుకు చంద్రుడి వెడల్పులో సగానికి అటూ ఇటూగా జరుగుతుంది. చుక్కలు జరగవు, అవి తుమ్మచెట్లు. జరిగేది పంది! (నవ్వకండి, పాగ్సన్ దొర వింటే బాధపడతాడు.)

జరిగింది. ఆ కబురు యూరప్‌కు ఓడలో ఉత్తరంగా పోవాలి, వారాలు పడుతుంది. ఈలోగా ఇంకెవరైనా అదే రాయిని చూసి తమదంటే? పోటీ అప్పుడు మస్తుగా ఉండేది. ఆ ఒక్క 1861 మార్చి, ఏప్రిల్ నెలల్లోనే ఆరు దొరికాయి, 64 నుంచి 69 దాకా. పాగ్సన్‌ది 67.

ఇక పేరు. అప్పట్లో వీటికి గ్రీకు, రోమన్ పురాణాల్లో దేవతల పేర్లు పెట్టడం ఆచారం, ఆడపేర్లే. కానీ ఆ మధ్య ఆచారం కొంచెం కొంచెం తప్పుతోంది. ఒకరు రాణిగారి పేరు పెట్టారు, ఇంకొకరు పారిస్ నగరపు పాతపేరు పెట్టారు. ఆ మార్చిలోనే దొరికిన 65వ దానికి ఒక రాజుగారి పేరు మీద మాక్సిమిలియానా అంటే మిగతావాళ్లు ఒప్పుకోలేదు, గొడవై సిబెలె అని మార్చారు. అలాంటి సమయంలో పాగ్సన్ ఏషియా అన్నాడు. పురాణం ప్రకారం ఏషియా సముద్రాల దేవుడు ఓషియనస్ కూతురు, అటు ఆచారం తప్పలేదు. కానీ ఆయన మనసులో ఉన్నది మాత్రం ఖండం. ఈ ఖండం నుంచి కనిపెట్టిన మొదటి గ్రహశకలం ఇదే. చైనా నుంచి కాదు, జపాన్ నుంచి కాదు, మద్రాసు నుంచి. తమాషా చూడండి, అదే ఏప్రిల్‌లో ఇటలీలో స్కియాపరెల్లికి ఒకటి దొరికితే ఆయన హెస్పెరియా అన్నాడు, అంటే పడమటి దేశం, ఇటలీకి పాతపేరు. ఒకే నెలలో తూర్పూ పడమరా రెండూ ఆకాశంలోకి ఎక్కాయి.

పాగ్సన్ మద్రాసు నుంచి ఇంకో నాలుగు పట్టాడు. 1864లో సాఫో, 1866లో సిల్వియా, 1868లో కెమిల్లా, మళ్లీ చాలా కాలానికి 1885లో వెరా. వీటిలో సిల్వియా చాలా పెద్దది. దాని చుట్టూ రెండు చిన్న చంద్రులు తిరుగుతున్నాయని 2005లో తేలింది, అట్ల రెండు చంద్రులున్న గ్రహశకలం అదే మొదటిది. తర్వాత కెమిల్లాకూ రెండు ఉన్నాయని తేలింది. నుంగంబాకంలో కూర్చొని కంటితో చూసిన ఆ చుక్కల్లో ఇంత సంసారం ఉందని ఆయనకేం తెలుసు!

ఏషియాకు మాత్రం చంద్రులు లేవు, ఉన్నట్టు ఎవరూ చూడలేదు. ఒంటరి రాయి. అడ్డం కొలిస్తే 60 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. హైదరాబాద్ ఓఆర్ఆర్ చూశారు గదా, చుట్టూ 158 కిలోమీటర్లు, అంటే అడ్డంగా ఒక యాభై. ఆ రింగురోడ్డు మీద ఏషియాను తెచ్చి పెడితే హైదరాబాద్ మొత్తం కిందికి పోయి కొంచెం అంచులు బయటికొస్తాయి. భూములు కొన్నవాళ్లు భయపడొద్దు, ఉదాహరణకు చెప్పా. దాని పగలూ రాత్రీ కలిపి 16 గంటలకు కొంచెం తక్కువ.

ఇక దాని కక్ష్య. బోర్డు మీద రాస్తా, పది చదివేవాళ్లు జర చూడండి. కెప్లర్ చెప్పింది ఏంది? దూరాన్ని ఘనం చెయ్, వర్గమూలం తియ్, ఏళ్లు వస్తాయి. మన దూరం 2.42 మూరలు. 2.42 ఇంటూ 2.42 ఇంటూ 2.42, ఎంత? ఫోన్ తీయకు తమ్మీ, చేత్తో చెయ్. 14.17. వర్గమూలం? 3.76. అంటే మూడేళ్ల తొమ్మిది నెలలకు ఒక చుట్టు. అంతే లెక్క! ఒక పగ్గం, ఒక గుణకారం. 1861 నుంచి ఇప్పటికి నలభై మూడు చుట్లు దాటింది.

ఇందులో ఒక ముచ్చట ఉంది. అంగారకుడి సంవత్సరం 687 రోజులు. రెండింతలు చేస్తే 1374. ఏషియా సంవత్సరం దాదాపు 1376 రోజులు. అంటే అంగారకుడు రెండు చుట్లు తిరిగేలోపు ఇది ఒక చుట్టు. ఇద్దరు జతగాళ్లలా. ఎప్పుడూ సరిగ్గా అట్లే ఉంటుందని కాదు, ఆ చిన్న తేడా పేరుకుంటూ పోతుంది, కానీ చూడముచ్చటగా లేదూ? మన లెక్కకు వస్తే, భూమి వేగంగా తిరిగి దాన్ని దాటుకుంటూ పోవడానికి పదహారు నెలలకు ఒకసారి అవకాశం వస్తుంది. అప్పుడే అది మనకు దగ్గర, అప్పుడే వెలుగు ఎక్కువ. ఎక్కువంటే కంటికి కనబడుతుందా? కనబడదు, ఎప్పుడూ కనబడదు. ఒక మాదిరి టెలిస్కోప్ కావాలి, చీకటి కావాలి, అన్నిటికంటే ముందు పటం కావాలి.

పేర్ల సంగతి వచ్చింది కాబట్టి ఒకటి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మా అల్లుడు, మంచివాడే, మనవరాలి పుట్టినరోజుకు ఒక కంపెనీకి డబ్బు కట్టి ఆమె పేరు ఒక చుక్కకు పెట్టించాడు. బంగారు రంగు సర్టిఫికెట్, ఫ్రేమ్ కట్టించి గోడకు తగిలించాడు. నన్ను చూడమన్నాడు. నేనేం చెప్పాలి? "అల్లుడుగారూ, ఆ కాగితం మీ ఇంట్లో తప్ప ఎక్కడా చెల్లదు" అని చెప్పా. నాలుగు రోజులు మాట్లాడలేదు నాతో. డబ్బుకు అమ్మే పేర్లు ఆకాశంలో లేవు బిడ్డా. గ్రహశకలానికి పేరు పెట్టాలంటే ముందు దాన్ని కొన్నేళ్లపాటు మళ్లీ మళ్లీ చూసి, కక్ష్య గట్టిగా తేలాక నంబరు ఇస్తారు. ఆ తర్వాత పదేళ్ల దాకా కనిపెట్టినవాళ్లకే పేరు సూచించే హక్కు. పదహారు అక్షరాలు దాటకూడదు, అదీ ఇంగ్లిష్ అక్షరాల్లో. రాజకీయ నాయకులకైతే చనిపోయి నూరేళ్లు దాటాలి, మన ఊళ్లో ఫ్లెక్సీలకు కూడా ఈ రూలు పెడితే బాగుండు. ఒకాయన తన పిల్లికి పెట్టిన పేరే పెట్టేశాడు, మిస్టర్ స్పాక్ అని, 2309 దాని నంబరు. అది చెల్లింది, కానీ తర్వాత పెంపుడు జంతువుల పేర్లు వద్దన్నారు.

మన వాళ్ల పేర్లు? ఉన్నాయి. 4130 నంబరుది రామానుజన్. 1988లో తమిళనాడు కావలూరు అబ్జర్వేటరీ నుంచి రాజమోహన్ గారు పట్టారు. పాగ్సన్ 1885లో వెరాను పట్టాక మన దేశం నుంచి మళ్లీ ఒకటి దొరకడానికి నూరేళ్లు దాటింది! 2596 నంబరుది వైణు బప్పు, ఖగోళ శాస్త్రవేత్త. ఆయన మన హైదరాబాద్ నిజాం కాలేజీలో చదువుకున్నవాడు, వాళ్ల నాన్న బేగంపేటలోని నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసేవాడు.

పాగ్సన్ ఇంట్లో ఒక అమ్మాయి సంగతి కూడా చెప్పాలి, ఆడపిల్లలు వినాలి. ఆయన కూతురు, పేరు ఐసిస్. 1873 నుంచి అదే అబ్జర్వేటరీలో లెక్కలు చేసే ఉద్యోగం, జీతం నెలకు 150 రూపాయలు, ఒక వంటమనిషికో బండి తోలేవాడికో ఇచ్చేంత. పాతికేళ్లు చేసింది. 1886లో లండన్ ఖగోళ సంఘంలో సభ్యత్వానికి తండ్రే పేరు పంపితే, ఆడవాళ్లకు లేదన్నారు. ఇచ్చింది ఎప్పుడు? 1920లో. ముప్పై నాలుగేళ్లు! ఆమెకు అప్పటికి అరవై దాటాయి.

సరే, వనపర్తి. ఇంతసేపు కూర్చున్నారు, ఇప్పుడు చెప్తా.

ఆ అబ్జర్వేటరీలో చింతామణి రఘునాథాచారి అని ఒకాయన ఉండేవాడు. పంచాంగాలు చేసే కుటుంబం. చిన్న వయసులో అక్కడ కూలీగా చేరాడు. మళ్లీ చెప్తున్నా, కూలీగా. గణితం నేర్చుకున్నాడు, గురి చూసి కొలవడం నేర్చుకున్నాడు, పైకొచ్చి పాగ్సన్ కింద మొదటి అసిస్టెంట్ అయ్యాడు. 1867లో దక్షిణాన నేలబారుగా కనిపించే ఒక చుక్క వెలుగు మారుతోందని పట్టాడు. ఆర్ రెటిక్యులి దాని పేరు. అది మన వనపర్తి నుంచి చూసినా చెట్ల పైన ఒక జానెడు ఎత్తుకే లేస్తుంది, అంత కిందికుంటుంది. దాన్ని పట్టాలంటే మళ్లీ అదే సంగతి, పక్క చుక్కలన్నీ కంఠతా రావాలి. 1872లో లండన్ ఖగోళ సంఘం ఆయనకు సభ్యత్వం ఇచ్చింది, మన దేశస్థుల్లో ఆయనే మొదటివాడు.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. దాని నీడ బీజాపూర్ మీదుగా, మన మీదుగా, గుంటూరు, మచిలీపట్నం మీదుగా పోయింది. మద్రాసు అబ్జర్వేటరీ రెండు బృందాలను పంపింది. పాగ్సన్ దొర మచిలీపట్నం. రెండో బృందానికి పెద్ద రఘునాథాచారి, ఆయన వచ్చింది ఎక్కడికి? వనపర్తికి. ఈ ఊరికే! అప్పుడు ఇటు నిజాం రాజ్యం, వనపర్తి సంస్థానం. రైలు లేదు. అద్దాలూ ఇత్తడి గొట్టాలూ గడియారాలూ గడ్డిలో చుట్టి బండ్ల మీద తెచ్చి ఉండాలి, ఆగస్టులో, మన నల్లరేగడి బురదలో. కూలీగా చేరిన మనిషి, సొంత బృందానికి నాయకుడై, మన ఊరి బయట ఎక్కడో టెలిస్కోప్ నిలబెట్టాడు.

ఏమైంది? మబ్బు పట్టింది.

అంతే. గుంటూరులో ఫ్రెంచి ఆయన జాన్సెన్‌కు తెరిపి దొరికింది, సూర్యుడి అంచున ఎగిసే మంటలను గ్రహణం లేకుండా కూడా చూడొచ్చని ఆయన అక్కడే కనిపెట్టాడు. మచిలీపట్నంలో పాగ్సన్‌కు కూడా కనిపించింది. ఆ గ్రహణం నాడు సూర్యుడి మంటల వెలుగును రంగులుగా విడదీస్తే కనిపించిన పసుపు గీత దగ్గర మొదలైన అన్వేషణే తర్వాత హీలియం దాకా పోయింది. గుంటూరు పేరు ఖగోళ పుస్తకాల్లోకి ఎక్కింది. మన పేరు ఎక్కలేదు. వనపర్తి అని ఒక్క వరుస ఉంటుంది, మేఘాల వల్ల ఫలితం లేదని. నేను ఆ వరుస మొదటిసారి చదివినప్పుడు, నిజం చెప్తున్నా, చాలాసేపు పేజీ తిప్పలేదు. అన్ని రోజులు బండ్ల మీద వచ్చి, కొన్ని నిమిషాల కోసం నిలబడితే మబ్బు! మన రైతుకు తెలుసు ఆ బాధ, కాకపోతే రైతుకు మబ్బు రాకపోతే బాధ.

రఘునాథాచారి మద్రాసుకు తిరిగి వెళ్లి మళ్లీ పనిలో పడ్డాడు. పాగ్సన్ ఆ నవంబరులోనే కెమిల్లాను పట్టాడు. 1871లో ఇంకో గ్రహణం వస్తే రఘునాథాచారి మళ్లీ బయలుదేరాడు.

పిల్లలు ఒకటి రాసుకోండి. ఇప్పుడు రాత్రంతా టెలిస్కోప్ దగ్గర కూర్చోనక్కర్లేదు. ఒకేచోటును కొన్ని నిమిషాల తేడాతో తీసిన నాలుగు ఫోటోలు కంప్యూటర్‌కు పంపుతారు, బడిపిల్లలకు కూడా, రుసుము లేకుండా. అంతర్జాతీయంగా నడిచే కార్యక్రమం అది, మన దేశంలో చాలా బడులు చేరాయి. నాలుగు ఫోటోలను ఒకదాని తర్వాత ఒకటి తిప్పుతూ చూడాలి, అన్నీ కదలకుండా ఉంటే ఒకటి మాత్రం చిటుకు చిటుకుమని జరుగుతుంది. మీ సార్లను అడగండి, టీమ్ కట్టమని సతాయించండి. మొదటి రోజు ఏమీ కనబడదు. నాకూ కనబడలేదు. ఇరవయ్యో సెట్టు దగ్గర ఒకటి జరిగినట్టు అనిపించి కుర్చీలోంచి లేచా, తీరా చూస్తే కెమెరాలో మచ్చ.

ఇంక ముగిస్తా, నిర్వాహకులు గడియారం చూపిస్తున్నారు. బయట టెలిస్కోప్ పెట్టారట. ఏషియాను చూపించరు, అడగొద్దు, చంద్రుణ్ని చూపిస్తారు. తమ్మీ, నువ్వు తలుపు దగ్గరే ఉన్నావు గదా, బయటికి పోయి మబ్బుందేమో చూసి రా... ఏమంటున్నాడు? పడమర తెరిపి ఉందట, తూర్పున కొంచెం ఉందట. అయితే తొందరగా పదండి, చిన్నపిల్లలు ముందు, తోసుకోవద్దు, టెలిస్కోప్‌ను పట్టుకొని వేలాడొద్దు. ఆ పగ్గం ఎక్కడ పెట్టారు? అది మాత్రం నాకిచ్చేయండి. ఇంటి దగ్గర దూడకు కట్టిన తాడు పాతది, ఈపాటికి తెంపుకొనే ఉంటుంది.